నాడాల మూట

ఫిబ్రవరి 3

వదినా,

ముందు క్షేమ సమాచారాలు అడగాలని నాకూ తెలుసు గానీ, ఆగలేకపోతున్నాను. నీ అక్షరాలకి ఏమొచ్చింది? పోయిన ఉత్తరంలో ఒక్కో అక్షరం బటాణీ గింజంత ఉంది. పేజీకి పది వరుసలు కూడా పట్టలేదు. నేను ఊరికే కళ్ళజోళ్ళ కొట్టులో కూర్చుంటున్నానా? అక్షరాలు పెరిగాయంటే చూపు తగ్గినట్టే. మా ఆయనకి చూపిస్తే ఆయన కూడా అదే మాట అన్నారు. ఆయన ఏ విషయంలోనైనా నాతో ఏకీభవించారంటే నువ్వే ఆలోచించుకో.

పైగా ఆ ఉత్తరంలో చివర ఒక ముక్క రాసి వదిలేశావు. "సాయంత్రం మూట తెచ్చుకుంటున్నాను, కుట్టేసరికి కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి" అని. ఏం మూట? ఎవరి బట్టలు? పగలంతా ఆసుపత్రి లాండ్రీలో ఆ ఆవిరిలో నిలబడి, ఇంటికొచ్చి మళ్ళీ కూలికి కుడుతున్నావా? అంత గతి లేకుండా పోయామా మేము? అన్నయ్య ఉంటే నిన్ను అలా కుట్టనిచ్చేవాడా? నాకు చెప్పకుండా ఇలాంటివి మొదలుపెడితే ఊరుకోను, చెప్తున్నా. కొట్టు వెనకాల గది ఖాళీగానే ఉంది. అట్టపెట్టెలు తీసేస్తే మంచం పడుతుంది. పెట్టే బేడా సర్దుకుని వచ్చెయ్యి.

ఈలోగా ఒక కళ్ళజోడు పంపుతున్నాను. ఫ్రేము ఒకాయన చేయించుకుని మళ్ళీ తీసుకోవడానికి రాలేదు. అద్దాలు మాత్రం నీ అక్షరాల సైజు చూసి నేనే అంచనా వేశాను. నవ్వకు. అనుభవం అంటారు దీన్ని.

ప్రభువు నిన్నూ, నీ కళ్ళనూ కాపాడాలని రోజూ అడుగుతున్న
నీ పిచ్చుక


ఫిబ్రవరి 12

ప్రియమైన పిచ్చుకకి,

నీ అనుభవం అందింది. పెట్టుకుని చూస్తే మా లాండ్రీ సూపర్‌వైజరమ్మ ఇద్దరుగా కనిపించింది. ఒక్కావిడతోనే వేగలేక చస్తుంటే ఇద్దరిని చూపించావు. భద్రంగా పెట్టెలో దాచాను. మీ ఆయన్ని, అదే మా అన్నయ్యగారిని, అడిగి ఈసారి అంచనా తగ్గించు.

ఇక మూట సంగతి. తల్లీ, నేను కూలికి కుట్టట్లేదు. నువ్వు అంత దూరం ఆలోచించి, అట్టపెట్టెలు కూడా జరిపేస్తావని తెలిస్తే ఆ ముక్క రాసేదాన్నే కాదు. విను.

ఆసుపత్రిలో రోగులకి వేసే గౌన్లు చూశావు కదా, వెనకవైపు తెరుచుకుని ఉంటాయి. మెడ దగ్గర రెండు నాడాలు, నడుం దగ్గర రెండు. అవి ముడి వేసుకుంటేనే మనిషికి మర్యాద. మా ఉతికే మిషను ఆ నాడాల్ని లాగి లాగి తెంపేస్తుంది. కొత్త గౌను వచ్చిన కొన్నాళ్ళకే ఒకటి ఊడుతుంది, తర్వాత రెండోది. ఆఖరికి ఒకటీ ఉండదు. సూపర్‌వైజరమ్మని అడిగితే, "కొత్తవి వచ్చినప్పుడు వస్తాయిలే, ఉతకడం మన పని, కుట్టడం మన పని కాదు" అంటుంది. ఆవిడ తప్పేం లేదు, ఆవిడ పని ఆవిడది. కానీ మనుషులు ఎలా నడుస్తున్నారో చూశావా ఆ వరండాలో? ఒక చేత్తో సెలైను స్టాండు తోసుకుంటూ, రెండో చెయ్యి వెనక్కి పెట్టి గౌను పట్టుకుని. పెద్ద పెద్దవాళ్ళు, బయట పదిమందికి పని చెప్పేవాళ్ళు, గోడకి వీపు ఆనించుకుని పక్కపక్కకి నడుస్తుంటారు.

కొత్త సంవత్సరం మొదట్లో మా పాస్టరుగారు, "ఎవరి చేతిలో ఏముందో దానితోనే ఒక మంచిపని మొదలుపెట్టండి" అన్నారు. ఒకాయన చర్చికి ఫ్యాను ఇచ్చాడు. ఒకావిడ బెంచీలు చేయించింది. నేను ఇంటికొచ్చి చుట్టూ చూసుకున్నాను. నా చేతిలో ఏముంది? సూది ఉంది. పాత దిండు గలీబులు ఉన్నాయి. మీ అన్నయ్య చొక్కాలు ఉన్నాయి. ఒక్కటి ఉంచుకుని మిగతావి కత్తిరించాను, కోపం తెచ్చుకోకు. రోజూ డ్యూటీ దిగేటప్పుడు కొన్ని గౌన్లు తెచ్చుకుంటాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, మేమందరం మిలటరీ అని పిలుస్తాం, అతనికి మూట విప్పి చూపిస్తాను. పొద్దున్నే నాడాలు కుట్టి పట్టుకెళ్తాను, మళ్ళీ చూపిస్తాను. ఎవరికీ ఏ కష్టమూ లేదు, నా కళ్ళకి తప్ప.

ఇదంతా నీతో కాక ఇంకెవరితో చెప్పుకుంటాను? రాసేశాక కాస్త సిగ్గుగా కూడా ఉంది. నాలుగు గుడ్డ పేలికలకి ఇంత ఉత్తరమా అని.

అన్నయ్యగారి నడుం నొప్పి ఎలా ఉంది? బరువు పెట్టెలు ఎత్తొద్దని చెప్పు. నువ్వు చెప్తే వినరు, నేను చెప్పానని చెప్పు.

నీ
వదిన


ఫిబ్రవరి 25

నా బంగారు వదినా,

ఇన్నాళ్ళూ నేను నిన్ను మామూలు వదిన అనుకున్నాను. క్షమించు.

నీ ఉత్తరం చదివి నేను ఏడ్చిన ఏడుపుకి కొట్టులోకొచ్చిన ఆవిడ కళ్ళజోడు ధర తగ్గించమనడం మానేసింది. మా ఆయన కూడా కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నారు.

ఇంత మంచి కబురు కడుపులో దాచుకోవడం నా వల్ల అవుతుందా? ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. మామూలుగా నేను లేస్తే వెనక బెంచీల వాళ్ళు గడియారం చూసుకుంటారు. ఈసారి ఒక్కరు కదల్లేదు! "ఫలానా ఊళ్ళో, ఫలానా ఆసుపత్రిలో మా వదిన పనిచేస్తుంది. రోజూ ఆసుపత్రి గౌన్లు ఇంటికి తెచ్చుకుంటుంది" అని మొదలుపెట్టి, సూది, చొక్కాలు, మిలటరీ అన్నీ చెప్పాను. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. పాస్టరుగారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. వెనక కూర్చునే టీచరమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని, వాళ్ళ అక్కయ్య మీ ఆసుపత్రి ఆఫీసులోనే గుమాస్తాగా ఉందని, తప్పకుండా ఆవిడకి చెప్తానని అంది. చూశావా దేవుడి ఏర్పాటు! నీ మంచితనం నీ ఆఫీసువాళ్ళకి కూడా తెలియాలి కదా.

ఒకటి అడగాలి. అన్నయ్య ఆఖరి రోజుల్లో కూడా అదే ఆసుపత్రిలో ఉన్నాడు కదా. ఆయనకి మంచి గౌనే ఇచ్చి ఉంటావులే, నీ చేతి మీదుగా వెళ్ళేవే కదా. పాలబ్బాయి తలుపు కొట్టినా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, తల దువ్వుకుని గానీ బయటికి వచ్చేవాడు కాదు. నేను వచ్చేసరికి ఇస్త్రీ చొక్కాలో పడుకోబెట్టి ఉంచావు. అది తలుచుకున్నప్పుడల్లా నీకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

కొత్త అద్దాలు పంపుతున్నాను. ఈసారి మా ఆయన అంచనా.

నీ గురించి గొప్పలు చెప్పుకుని అలసిపోయిన
పిచ్చుక


మార్చి 9

పిచ్చుకా,

కళ్ళజోడు బాగా కుదిరింది. దానితోనే ఇది రాస్తున్నాను. అక్షరాలు తగ్గాయి చూడు.

నిన్న సూపరింటెండెంటుగారు పిలిచారు. ఇన్నేళ్ళలో ఆయన గది లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. "ఆసుపత్రి బట్టలు రోజూ ఇంటికి పట్టుకెళ్తున్నావట, నిజమేనా?" అన్నారు. నిజమేనండీ అన్నాను. "ఎవరి అనుమతితో?" అన్నారు. అడగాలని నాకు తట్టనే లేదు. నాడాలు కుడుతున్నానని చెప్పాను. విన్నారు. "ఆసుపత్రి సొత్తు గేటు దాటకూడదు. రేపు పది పోతే ఎవరిని అడగాలి? ఈసారికి వదిలేస్తున్నాను. ఇంకోసారి నా దాకా వస్తే ఉద్యోగం ఉండదు" అన్నారు. పాపం గట్టిగా కూడా అనలేదు. ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు.

ఎలా తెలిసిందో నువ్వు చెప్పక్కర్లేదు. ఆఫీసు గుమాస్తా వరండాలో ఎదురై, "మా చెల్లెలు ఫోను చేసి తెగ మెచ్చుకుందండీ మిమ్మల్ని" అని నవ్వింది. ఆవిడ మెచ్చుకుంటూనే పక్క బల్లావిడకి చెప్పింది. పక్క బల్లావిడ నోట్లో అది "బట్టలు తీసుకుపోతోంది" అయి కూర్చుంది.

నిన్ను తిట్టబుద్ధి కావట్లేదు. నువ్వు ప్రేమతోనే చేశావు. మీ అన్నయ్య అనేవాడు గుర్తుందా, "మా పిచ్చుక చెవిలో మాట వేస్తే అది ఊరంతా ఎగిరి సాయంత్రానికి గూటికి వస్తుంది" అని. సరిగ్గా అలాగే వచ్చింది.

ఒక్కటే కోరిక. నువ్వు ఇప్పుడు ఏమీ చెయ్యకు. ఎవరితోనూ ఏమీ అనకు. కుట్టడం ఎలాగూ ఆగిపోయింది, ఉద్యోగమైనా ఉండనీ.

వదిన


మార్చి 10

వదినా,

నా కొంప మునిగింది, కాదు, నీ కొంప నేనే ముంచాను! టీచరమ్మ పొద్దున్నే కొట్టుకొచ్చి, అక్కడ నీ మీద ఏదో గొడవ జరుగుతోందట, బట్టల దొంగతనం అంటున్నారట అని చెప్పింది. నీ దగ్గర్నించి ఉత్తరం లేదు. నువ్వు ఏడుస్తూ కూర్చున్నావేమో అని నాకు అన్నం దిగలేదు.

కానీ నువ్వేం భయపడకు, నేను ఊరికే కూర్చోలేదు. పరుగెత్తుకెళ్ళి మా పాస్టరుగారితో చెప్పాను. ఆయన వెంటనే చర్చి పేరున్న కాగితం తీసి మీ సూపరింటెండెంటుగారికి స్వయంగా రాశారు. ఎంత బాగా రాశారనుకున్నావు! "ఈమె నిరుపేద విధవరాలు, దైవభక్తి గలది, ఆమె చేసిన దానిని దయతో క్షమించి, ఇది మొదటి తప్పుగా ఎంచి విడిచిపెట్టవలెనని ప్రాధేయపడుచున్నాము" అని. కింద సంఘపెద్దలందరూ సంతకాలు పెట్టారు. చర్చి ముద్ర కూడా వేశారు. చదివితే రాయికైనా కన్నీళ్ళొస్తాయి.

నీకు ఇది చేరేసరికి అదీ ఆయనకి అంది ఉంటుంది. ఇక నీకు ఏ ఇబ్బందీ ఉండదు. ధైర్యంగా ఉండు.

నీకోసం మోకాళ్ళ మీద ఉన్న
పిచ్చుక


మార్చి 19

పిచ్చుకకి,

మీ పాస్టరుగారి ఉత్తరం అందింది. సూపరింటెండెంటుగారు దాన్ని నాకు చదివి వినిపించి, "నువ్వు నాడాలు కుట్టానన్నావు. వీళ్ళందరూ క్షమించమని సంతకాలు పెట్టారు. తప్పు చెయ్యకపోతే ఇంతమంది క్షమాపణ ఎందుకు అడుగుతారు? అసలేం చేశావు?" అన్నారు.

నన్ను పనిలోకి రావద్దన్నారు. గౌన్లన్నీ లెక్కపెట్టి, విచారణ చేసి కబురు పెడతారట. సూపర్‌వైజరమ్మ నా తాళంచెవి తీసుకుంది. తీసుకుంటున్నప్పుడు నా మొహం చూడలేదు.

నేను నిరుపేదరాలిని అని ఎవరికి చెప్పాను? నాకు ఇల్లుంది, పనుంది, సూది ఉంది. ఒకరి ముందు చెయ్యి చాపలేదు. ముద్ర వేయించి మరీ నన్ను దొంగని చేశారు మీరందరూ.

వదిన


మార్చి 27

వదినా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. రోజూ కాగితం తీయడం, చింపేయడం. నాకు మాటలు రాకపోవడం ఇదే మొదటిసారి, మా ఆయన నుదురు పట్టుకుని చూశారు జ్వరమేమోనని.

తప్పంతా నాది. నీ మంచి నీ దగ్గర ఉండనివ్వకుండా తీసుకెళ్ళి చర్చి మధ్యలో నిలబెట్టి నేను గొప్ప అనిపించుకున్నాను. చప్పట్లు నాకు పడ్డాయి, దెబ్బలు నీకు పడ్డాయి. నా నాలిక కోసుకోవాలని ఉంది.

నువ్వు కోప్పడ్డా సరే, ఒక మాట చెప్తాను. ఆ పని వదిలెయ్యి వదినా. నిన్ను అనుమానించినవాళ్ళ దగ్గర ఎందుకు? ఇక్కడికి వచ్చెయ్యి. గదిలో అట్టపెట్టెలు నిజంగానే తీసేశాను. దేవుడు మనసు చూస్తాడు కదా, నాలుగు నాడాలు కుట్టినా కుట్టకపోయినా ఆయనకి నువ్వేంటో తెలుసు. నాడాల కోసం ఉద్యోగం, పరువు, కళ్ళు అన్నీ పోగొట్టుకోవాలా? ఒక నాడా ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్న
పిచ్చుక


ఏప్రిల్ 4

పిచ్చుకా,

కోపం పోయింది. నీ మీద నాకు కోపం నిలవదు, అది నా ఖర్మ. కానీ నువ్వు రాసిన ఆ ఆఖరి మాటకి జవాబు చెప్పాలి. నీకు ఎప్పటికీ చెప్పకూడదు అనుకున్నది చెప్తున్నాను. చదివేటప్పుడు కొట్టులో చదవకు. లోపలికి వెళ్ళి కూర్చుని చదువు.

మీ అన్నయ్యకి నేను మంచి గౌను ఇచ్చాననుకున్నావు. ఇవ్వలేదు. ఆ రోజు చూస్తే నాడాలున్న గౌను ఒక్కటీ లేదు. నాకు దాని మీద ధ్యాసే లేదు అప్పుడు, ఆయన ఊపిరి మీదే ఉంది. నేనే ఉతికిన గౌను, నేనే తీసుకెళ్ళి తొడిగాను. వెనకంతా తెరుచుకునే ఉంది. ఆయన దుప్పటి నడుం దాకా లాక్కుని పడుకున్నాడు. నడవాల్సి వస్తే, "ఏమోయ్, కాస్త వెనకాల పట్టుకో" అనేవాడు. నేను డ్యూటీలో ఉంటే తనే చెయ్యి వెనక్కి పెట్టి పట్టుకుని గోడవారగా వెళ్ళేవాడు. తల మాత్రం దువ్వుకునే వెళ్ళేవాడు.

ఒకరోజు మా పాస్టరుగారు చూడటానికొచ్చారు. ప్రార్థన చేద్దామన్నారు. మీ అన్నయ్య కూర్చుని ప్రార్థన చేసే మనిషి కాదని నీకు తెలుసు. లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించబోయి, గౌను జారేసరికి ఒక చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. రెండో చెయ్యి గుండె మీద పెట్టుకుని అలాగే నిలబడ్డాడు ఆమెన్ అనేదాకా. నేను మంచానికి అటుపక్కన ఉన్నాను. అటు వెళ్ళి పట్టుకోవాలని కూడా నాకు తోచలేదు.

పాస్టరుగారు వెళ్ళాక పడుకుని, పైకి చూస్తూ అన్నాడు. "ఏమోయ్, ఒంటి చేత్తో ప్రార్థన చేస్తే దేవుడికి వినబడుతుందంటావా?" నవ్వుతూనే అన్నాడు. నేను కూడా నవ్వి, "వినబడుతుంది లెండి" అన్నాను. అంతకంటే పెద్ద ప్రార్థన మళ్ళీ చెయ్యలేదు ఆయన.

ఇస్త్రీ చొక్కా నేను ఆయన పోయాక వేశాను, పిచ్చుకా. అప్పుడు బొత్తాలన్నీ పెట్టాను, మెడ దాకా.

అందుకని ఒక నాడా ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని నన్ను అడగకు. దేవుడు మనసు చూస్తాడు, నిజమే. వరండాలో నడిచేవాళ్ళు మాత్రం వీపు చూస్తారు. నాకు ఫ్యానులు ఇచ్చే శక్తి లేదు. ఇది ఉంది. ఇది కూడా పోతే నేను ఆదివారం చర్చిలో ఏ మొహం పెట్టుకుని కూర్చోను?

విచారణ ఇంకా తేలలేదు. ఇంట్లో కూర్చుంటే చేతులు తిన్నగా ఉండట్లేదు. ఉన్న ఆఖరి గలీబు కూడా నాడాలుగా కత్తిరించి పెట్టాను, కుట్టడానికి గౌను లేకపోయినా.

నీ
వదిన


ఏప్రిల్ 13

వదినా,

లోపలికి వెళ్ళే చదివాను. బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

మా అన్నయ్య కదా వదినా. నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. ఆయన వెనక్కి చెయ్యి పెట్టుకుని నడిచాడా? నాకు చెప్పకుండా ఇన్నాళ్ళు నువ్వు ఒక్కదానివే మోశావా?

నేను రెండు పనులు చేశాను. భయపడకు, ఈసారి మా ఆయన పక్కనే కూర్చుని ప్రతి మాటా చూశారు.

ఒకటి. సూపరింటెండెంటుగారికి నేనే రాశాను. ముద్రలు లేవు, సంఘపెద్దలు లేరు. "అయ్యా, నేను ఆమె మరదల్ని. ఆమె చేసిన మంచిపనిని చర్చిలో గొప్పగా చెప్పింది నేను. దాన్ని దొంగతనమని విని, కంగారుపడి, కనుక్కోకుండా క్షమాపణ ఉత్తరం రాయించింది కూడా నేనే. ఆమె మమ్మల్ని ఏమీ రాయమనలేదు. రాయొద్దని రాసిన ఆమె ఉత్తరం మాది పోస్టులో పడ్డాక వచ్చింది. మీ గేటు దగ్గర వాచ్‌మన్ ప్రతి మూటా విప్పి చూశాడట, అతన్ని అడగండి." ఇంతే. నా జీవితంలో నేను రాసిన అతి చిన్న ఉత్తరం.

రెండు. మా చర్చి పాటల బృందం వాళ్ళకి కొత్త తెల్ల అంగీలు వచ్చాయి. పాతవి అటక మీద మూటకట్టి పడేశారు. గట్టి గుడ్డ. వెళ్ళి అడిగాను. "ఎందుకండీ?" అన్నారు. వదినా, నోటి దాకా వచ్చింది. అందరూ నా మొహమే చూస్తున్నారు, సాక్ష్యం మొదలుపెడతానని. "నాడాలు కావాలి" అన్నాను. అంతే! ఇంకో మాట అనలేదు. టీచరమ్మ కత్తెర తెచ్చింది. ఆవిడ కూడా ఏమీ అడగలేదు, ఏడుస్తూ కత్తిరించింది. నలుగురం కూర్చుని పట్టీలు చేసి అంచులు మడిచి కుట్టాం. మా ఆయన కూడా కుట్టారు, వంకరగా. అవి వేరే కట్ట కట్టాను, నవ్వుకోవడానికి.

మూట రేపు పార్సిలు చేస్తాను. నువ్వు ఎప్పుడు ఎక్కడ వాడతావో నాకు చెప్పక్కర్లేదు. నాకు చెప్పకపోవడమే మంచిదేమో.

నోరు మూసుకోవడం నేర్చుకుంటున్న
పిచ్చుక


మే 6

ప్రియమైన పిచ్చుకకి,

మూట వచ్చింది. ఇంత మూట విప్పడానికే నాకు ఒక పూట పట్టింది. అన్నయ్యగారి కట్ట చూసి నవ్వుకున్నాను. ఆయన కళ్ళజోళ్ళే చెయ్యాలి.

పనిలోకి తీసుకున్నారు. గౌన్లు లెక్క సరిపోయింది. మిలటరీని పిలిచి అడిగారట. అతను సెల్యూట్ చేసి మరీ, "రోజూ విప్పి చూపించేదండీ. పట్టుకెళ్ళినప్పుడు నాడాలు లేవు, తెచ్చినప్పుడు ఉన్నాయి. ఇలాంటి దొంగని నేను చూడలేదు" అన్నాడట. నీ ఉత్తరం కూడా ఆయన బల్ల మీద ఉంది. "మీ మరదలు బాగా మాట్లాడతారా?" అని అడిగారు. కొంచెం అండీ అన్నాను. దేవుడు ఈ అబద్ధాన్ని క్షమించాలి.

సూపర్‌వైజరమ్మ తాళంచెవి తిరిగి ఇచ్చి, నా టీ కూడా తనే పోసింది.

కానీ షరతు అలాగే ఉంది. గౌను గేటు దాటకూడదు. డ్యూటీలో కుట్టకూడదు. సరేనన్నాను. ఇంటికొచ్చి నీ మూట ముందు కూర్చుని ఆలోచించాను. గౌను బయటికి రాకూడదు, నిజమే. సూది లోపలికి వెళ్ళకూడదని ఎవరూ అనలేదు కదా? డ్యూటీ దిగి, బట్టలు మార్చుకుని, సాయంత్రం చూడటానికి వచ్చేవాళ్ళతో పాటు నేనూ వరసలో నిలబడి లోపలికి వెళ్ళాను. మిలటరీ నా సంచీ విప్పి చూసి, నాడాలు చూసి, మళ్ళీ సెల్యూట్ చేశాడు.

ప్రతి మంచం పక్కనా ఒక భార్యో, తల్లో, కూతురో ఖాళీ చేతులతో కూర్చుని ఉంటారు కదా. ఏం చెయ్యాలో తెలియక దుప్పటి సర్దుతూ ఉంటారు. వాళ్ళ పక్కన కూర్చుని ఎలా కుట్టాలో చూపించాను. చేతికి ఒక పని దొరికేసరికి వాళ్ళ మొహాలు తేటపడ్డాయి, పిచ్చుకా. ఇప్పుడు నేను ఎక్కువ కుట్టట్లేదు. సూదులు ఎక్కించి ఇస్తున్నాను, నీ కళ్ళజోడు పుణ్యాన. నేను ఒక్కదాన్నీ ఇంట్లో కుట్టినదానికంటే ఎక్కువ అవుతోంది. ఒకరోజు సూపరింటెండెంటుగారు వరండాలో వెళ్తూ తొంగి చూశారు. నేను లేచి నిలబడ్డాను. "గౌను గేటు దాటట్లేదు కదా?" అన్నారు. లేదండీ అన్నాను. వెళ్ళిపోయారు.

మొన్న ఆదివారం మా పాస్టరుగారు వార్డుకి వచ్చారు. అక్కడ మంచాల వరసలో ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. ఇంత మనిషి. వాళ్ళావిడ ముందురోజే అతని గౌనుకి నాలుగు నాడాలూ కుట్టింది, మీ పాటలవాళ్ళ అంగీ గుడ్డతో. ప్రార్థన అనగానే ఆవిడ కూర్చోమన్నా వినకుండా లేచి నిలబడ్డాడు. అలవాటుగా అతని చెయ్యి వెనక్కి వెళ్ళింది. తడుముకున్నాడు. ముడి ఉంది. ఆ చెయ్యి మెల్లగా ముందుకు తెచ్చుకుని రెండు చేతులూ జోడించాడు.

నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆమెన్ అనడం కూడా మర్చిపోయాను. ఇన్నాళ్ళూ మీ అన్నయ్య అడిగిన మాటకి ఊరికే నవ్వి జవాబు చెప్పానని బాధగా ఉండేది. మొన్న ఆ గోడ దగ్గర నిలబడితే ఆయనకి చెప్పాలనిపించింది, వినబడిందండీ అని.

ఇది నీకొక్కదానికే చెప్పి ఊరుకుందామనుకున్నాను. కానీ ఆ అంగీలు కత్తిరించినవాళ్ళు, నాడాలు ఎందుకో అడగకుండా కుట్టినవాళ్ళు, వాళ్ళకి తెలియాలి కదా. అందుకని ఈ ఆదివారం నువ్వు లేచి నిలబడు. ఆ డ్రైవరు సంగతి చెప్పు. మీ అన్నయ్య సంగతి కూడా చెప్పు, ఆయన నవ్వుతూ అన్నాడని మర్చిపోకుండా చెప్పు. నా ఊరూ, నా ఆసుపత్రీ మాత్రం చెప్పకు తల్లీ, నీకు పుణ్యముంటుంది.

రెండు చేతులతో ఆశీర్వదిస్తూ
నీ వదిన